జ్వరమొచ్చిన పిల్లాడితో ఎక్కడికి: ఇల్లా, ఊరి డాక్టరా, ఒంగోలా?

మేముండేది నెల్లూరులో. మా అత్తగారి ఊరు దర్శి దాటాక ఇంకో 10 కిలోమీటర్లు. సంక్రాంతికీ ఎండాకాలం సెలవులకీ పిల్లలిద్దరితో అక్కడే మకాం. రెండు చోట్లా వాళ్ళకొచ్చే జబ్బులు ఒకటే. అదే జలుబు, అవే విరేచనాలు, అదే మంచం మీద నుంచి దబ్బున పడటం. నా నిర్ణయాలే వేరువేరుగా ఉంటాయి. నెల్లూరులో రాత్రి రెండింటికైనా ఆటో ఎక్కితే పావుగంటలో పెద్దాసుపత్రి. ఊళ్ళో అయితే ముందు కారున్నవాళ్ళని నిద్ర లేపాలి, ఆ తర్వాత ఒంగోలు దాకా గంటన్నర ప్రయాణం. నెల్లూరులో "ఇంకో రెండు గంటలు చూద్దాం" అనుకోగలిగిన పరిస్థితిలో ఊళ్ళో అలా అనుకుంటే కుదరదు. ఏ లక్షణానికి ఏం చేయాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, ఈ దూరం సంగతి ఎవరూ ఎత్తరు. నా లెక్కలో సగం అక్కడే ఉంది.

నేను డాక్టర్ని కాదు. మా పిల్లల డాక్టరు ఓపిగ్గా చెప్పినవి కొన్ని, తప్పు చేయబోయి నేర్చుకున్నవి కొన్ని, ఇవే రాస్తున్నాను.

సీసా మీద అంకె

రెండేళ్ళ కిందటి సంక్రాంతి. మా చిన్నాడు అప్పుడు సరిగ్గా 10 కిలోలు. రాత్రి పదకొండున్నరకి ఒళ్ళు కాలిపోతోంది. మందుల సంచీ నెల్లూరులోనే మర్చిపోయి వచ్చాను. మా ఆయన మెడికల్ షాపతన్ని ఇంటికెళ్ళి లేపి పారాసిటమాల్ సిరప్ తెచ్చారు. అదే రంగు, అదే తీపి వాసన. ఎప్పటిలా 6 మిల్లీలీటర్లు సిరంజిలోకి లాగి వాడి నోటి దాకా తీసుకెళ్ళాను. సెల్‌ఫోన్ లైటులో సీసా మీద అంకె కనబడింది కాబట్టి చెయ్యి ఆగింది. నెల్లూరులో మేం వాడేది 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు. ఇది 5 మిల్లీలీటర్లకి 250. పోసుంటే రెండింతలు పడేది. ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు. రాత్రంతా నాలుగ్గంటలకోసారి అలాగే పోస్తూపోతే దెబ్బ లివర్‌కి.

పారాసిటమాల్ లెక్క వయసుని బట్టి వేసేది కాదు, బరువుని బట్టి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మళ్ళీ వేయాలంటే కనీసం 4 గంటల ఎడం, రోజు మొత్తానికి 4 సార్లు మించకుండా. 10 కిలోల పిల్లాడికి ఎక్కువలో ఎక్కువ 150 మిల్లీగ్రాములు. ఆ 150 అనేది 120 సీసాలో 6 మిల్లీలీటర్ల పైచిలుకు, 250 సీసాలో 3 మిల్లీలీటర్లు, చంటిపిల్లల చుక్కల మందులో ఒకటిన్నర. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి మరి. "చిన్నపిల్లలది కదా, పల్చగా ఉంటుందిలే" అనుకునేవాళ్ళే ఎక్కువ. నిజానికి మూడింటిలో చిక్కనిది అదే.

ఏది కొనాలి అంటే, ఏదైనా ఒకటే కొనండి. నేను 250 ఎంచుకున్నాను. తక్కువ మందు పోస్తే చాలు కాబట్టి పిల్లాడు ఉమ్మేసేది తక్కువ. అదే సీసా నెల్లూరు ఇంట్లో ఒకటి, అత్తమ్మ దగ్గర ఒకటి. 120 సీసా ఇంట్లో కనిపిస్తే పారబోస్తాను. మూతతో కొలవడం, టీ చెంచాతో కొలవడం మానేసి మెడికల్ షాపులో సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజి అడగండి.

పారాసిటమాలా, ఐబుప్రొఫెనా, మెఫనమిక్ యాసిడా అనేది ఇంకో ప్రశ్న. "ఇది వేస్తే ఠక్కున దిగుతుందమ్మా" అని షాపులో చేతిలో పెట్టేది ఎక్కువగా ఆ మూడోదే. దిగే మాట నిజమే. కానీ మన దగ్గర వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ వెంటే డెంగీ. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్ గానీ, మెఫనమిక్ గానీ, డైక్లోఫెనాక్ గానీ వేయకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరమొచ్చిన మొదటి రాత్రి అది డెంగీయో కాదో మనకెలా తెలుస్తుంది? అందుకే మా ఇంట్లో సొంతంగా వేసేది పారాసిటమాల్ ఒక్కటే, మిగతావి డాక్టరు చూసి రాస్తేనే. నిమెసులైడ్‌ని 12 ఏళ్ళ లోపు పిల్లలకి వాడకుండా మన దేశంలో 2011లోనే ఆపేశారు. పాత డబ్బాలో ఎక్కడైనా ఉంటే తీసేయండి. ఆస్పిరిన్ కూడా పిల్లలకి వద్దు.

అంకె చూడాలా, పిల్లాణ్ణి చూడాలా

థర్మామీటర్లలో డిజిటల్‌దే నా ఓటు. పాదరసం గొట్టం పగిలితే దాన్ని ఏరడం పెద్ద తలనొప్పి. నుదుటికి గురిపెట్టే గన్ను ఒకే నిమిషంలో మూడు అంకెలు చూపించింది మాకు. చంకలో పెట్టి చూస్తే 99.5 దాటితే జ్వరం కింద లెక్క.

కానీ 103 ఉన్నా మందు పడ్డాక లేచి నీళ్ళు తాగి, అన్నయ్య బొమ్మ లాక్కునే పిల్లాడి కంటే, 100 ఉండి పిలిచినా పలకని పిల్లాడే నాకు భయం. మందుకి జ్వరం కాస్త దిగినప్పుడు పిల్లాడు ఎలా ఉన్నాడన్నదే చూసుకోవాలి. అప్పుడు కూడా సోలిపోయి ఉంటే, తాగనంటే, తాగిందంతా కక్కేస్తుంటే, మెడ వంచలేకపోతే ఊళ్ళో ఉండొద్దు. మూడు నెలలు నిండని పసిబిడ్డకి జ్వరమొస్తే ఇవేవీ చూసుకుంటూ కూర్చోకుండా, ఏ ఊళ్ళో ఉన్నా, ఏ వేళైనా పెద్దాసుపత్రికే.

డెంగీలో ఒక మోసం ఉంది. మూడో రోజుకో, అయిదో రోజుకో జ్వరం దిగిపోతుంది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. అసలు ప్రమాదం ఆ ఒకటి రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోనో ముక్కులోనో రక్తం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనబడినా బయలుదేరాల్సిందే. అందరూ ప్లేట్‌లెట్ల అంకె చుట్టూ తిరుగుతారు, బొప్పాయి ఆకు రసం కోసం పరిగెత్తుతారు. ఆ టైంలో పిల్లాడు ఎన్నిసార్లు ఒంటికి పోశాడో లెక్కపెట్టుకుంటే ఎక్కువ పనికొస్తుంది.

జ్వరంలో ఫిట్స్ వస్తే, ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో కొందరికి వస్తాయి, చూసినవాళ్ళకి ప్రాణం పోయినంత పనవుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం వద్దు. చాలావరకు వాటంతటవే ఆగుతాయి. 5 నిమిషాలు దాటితే 108. ఆగిపోయినా, మొదటిసారి అయితే ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

దగ్గు మందు కొనాలా

దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. వద్దు. రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు రాయొద్దనీ, అయిదేళ్ళ లోపు వాళ్ళకి కూడా మామూలుగా అవసరం లేదనీ కేంద్ర ఆరోగ్యశాఖే 2025 అక్టోబరులో చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కలుషితమైన దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన నెల అది. ఏడాది దాటిన పిల్లలకి పడుకోబోయే ముందు అర చెంచా తేనె చాలు. ఏడాది లోపు తేనె నాకించడం మన దగ్గర ఇంకా ఉంది, అది మానాలి. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు ముప్పు ఉంటుంది. ముక్కు దిబ్బడకి సెలైన్ చుక్కలు.

దగ్గు ఎంత పెద్దగా వినిపిస్తోందన్నది వదిలేసి ఊపిరి లెక్కపెట్టండి. పిల్లాడు పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, పూర్తిగా ఒక నిమిషం. పొట్ట లేచి దిగితే ఒకటి. రెండు నెలల లోపు బిడ్డకి 60, ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా 40. ఆ అంకె చేరిందంటే న్యుమోనియా అనుమానించాలి, ఆ రోజే డాక్టరు చూడాలి. లోపలికి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంటే, మనవాళ్ళు డొక్కలెగరేస్తున్నాడు అంటారు చూడండి, అది లెక్కపెడుతూ కూర్చునే పరిస్థితి కాదు.

పిల్లికూతలు, ఆయాసం తరచూ వచ్చే పిల్లలకి నెబులైజర్ కొనాలా అని మా వదిన అడిగింది. ఆవిడకి ఇచ్చిన సలహానే ఇక్కడా ఇస్తాను. డాక్టరు ఒప్పుకుంటే స్పేసరుతో, అంటే మూతికి తగిలించే ప్లాస్టిక్ గొట్టంతో, ఇన్‌హేలరే మేలు. మామూలు ఆయాసానికి రెండూ ఒకేలా పనిచేస్తాయి. స్పేసరుకి కరెంటు అక్కర్లేదు, బస్సులో సంచీలో పడుతుంది. మా ఊళ్ళో కరెంటు పోయేది సరిగ్గా రాత్రిళ్ళే మరి.

ఓఆర్ఎస్ పొట్లమా, డబ్బా జ్యూసా, గంజా

విరేచనాల్లో అసలు మందు నీళ్ళే. కాకపోతే ఏ నీళ్ళన్నదే ప్రశ్న. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ అని అడిగితే చాలా ఏళ్ళు చేతికొచ్చింది రంగురంగుల అట్టడబ్బా. ఆపిల్ రుచి, నారింజ రుచి. పిల్లలు ఇష్టంగా తాగుతారు, ఎందుకు తాగరు, అందులో ఉన్నది చక్కెర. అంత చక్కెర పేగుల్లోకి వెళ్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఇలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. పేరు మారినా డబ్బా అదే అరలో ఉంటుంది కాబట్టి పొట్లం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చదివి తీసుకోండి. ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో అవే పొట్లాలు ఉచితం, జింకు మాత్రలతో సహా.

పొట్లంలోనూ రెండు సైజులున్నాయి. పెద్దది లీటరు నీళ్ళకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. పెద్ద పొట్లంలో సగం గ్లాసులో కలిపి, సగం మడిచి సీసాల వెనక దాచడం నేను చాలా ఇళ్ళలో చూశాను. అలా చేస్తే ఉప్పు లెక్క తప్పుతుంది. లీటరు మంచినీళ్ళ బాటిల్‌లో మొత్తం పోసి కలిపేయండి, 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్ళ లోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకంటే పెద్ద పిల్లలకి 100 నుంచి 200. కక్కితే 10 నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో మొదలుపెట్టాలి. జింకు ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. రెండో రోజుకే విరేచనాలు తగ్గితే అందరూ ఆపేసేది దీన్నే.

పొట్లం దొరకని రాత్రి లీటరు నీళ్ళలో 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు గోపురంలా కాకుండా సమంగా తీసి. మా అత్తమ్మ పద్ధతి ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ. ఆవిడ చిన్నప్పుడు నెల్లూరు చుట్టాలు పంపే మొలగొలుకుల బియ్యపు గంజి అయితే పిల్లలు రెండో గిన్నె అడిగేవాళ్ళట. విరేచనాలు మొదలైన మొదటి గంటల్లో గంజి మంచి ఎంపికే. కళ్ళు లోపలికి పోయి, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకుంటూ, ఆరేడు గంటలుగా ఒంటికి పోయకపోతే మాత్రం గంజి దశ దాటిపోయినట్టే. దారిలో ఓఆర్ఎస్ తాగిస్తూ ఆసుపత్రికి వెళ్ళాలి. రక్త విరేచనాలు కూడా అంతే. పెద్దవాళ్ళు వేసుకునే, విరేచనాలు కట్టేసే మాత్రలు పిల్లలకి ముక్కలు చేసి వేయొద్దు.

ఎవరి దగ్గరికి

ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరుని తిట్టడం తేలిక. అర్ధరాత్రి బండి వేసుకుని ఇంటికొచ్చేది ఆయనొక్కడే అని మర్చిపోతాం. నా ఇబ్బంది ఆయనతో కాదు, సూదితో. "సూది వేయించలేదా?" అని పక్కింటివాళ్ళు అడిగేదాకా మనకి వైద్యం జరిగినట్టు అనిపించదు. అడిగేది మనం కాబట్టి ఆయనా వేస్తాడు. వైరస్ జలుబుకి యాంటీబయాటిక్ పనిచేయదు, ఏముందో తెలియని సూదితో దిగిన జ్వరం లోపల ఏం జరుగుతోందో కనబడకుండా చేస్తుంది. మా ఊరి ఆర్‌ఎంపీతో నేను ముందే చెప్పేస్తాను: "అన్నా, సూదీ మాత్రా వద్దు. పిల్లాడు ఎలా ఉన్నాడో ఒకసారి చూసి, అవసరమైతే కారు మాట్లాడిపెట్టు." ఆయన నొచ్చుకోలేదు. రోజుకి ఇరవై మందిని చూసే కళ్ళు అవి, బాగా సీరియస్‌గా ఉంటే నాకంటే ముందు గుర్తుపడతాడు.

పగలైతే విలేజ్ క్లినిక్, పీహెచ్‌సీ. టీకాలు, ఓఆర్ఎస్, జ్వరానికి రక్తపరీక్ష, కుక్క కాటు టీకా, వీటికి నెల్లూరులో ఉన్నా నేను ప్రైవేటుకి వెళ్ళను. ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర ఉన్న లాభం ఒకే మనిషి ప్రతిసారీ చూడటం. వీడికి పోయినేడు ఏం జరిగిందో ఆయన పుస్తకంలో ఉంటుంది. నష్టం, రాత్రి ఎనిమిది దాటితే తలుపు మూసుంటుంది. పాము కాటు, ఆగని ఫిట్స్, పెద్ద కాలిన గాయం లాంటివైతే చిన్న నర్సింగ్ హోముల్లో ఆగి టైం పోగొట్టుకోవద్దు. నెల్లూరు పెద్దాసుపత్రి, లేదా జనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే ఒంగోలు సర్వజన ఆసుపత్రి. 108లో ఎక్కితే దారిలోనే ఆక్సిజన్ పెడతారు, ఆ సౌకర్యం పక్కింటి కారులో ఉండదు. 108 ఎంతసేపట్లో వస్తుందో ఫోన్‌లో అడిగి, కారు ముందొస్తే కారు ఎక్కండి. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, బండి వచ్చేలోపు అయిపోతుంది.

దెబ్బలు, కాటులు

కాలిన గాయం మీద పేస్టు పూయాలా, ఐసు పెట్టాలా, ఇంకు పోయాలా? ఏదీ వద్దు. కుళాయి కింద 20 నిమిషాలు. మా పెద్దది వేడి సాంబారు చేతి మీద పోసుకున్నప్పుడు 20 నిమిషాలంటే ఎంత పొడుగో తెలిసింది. మూడో నిమిషానికే ఇంట్లో ముగ్గురు మూడు రకాల పేస్టులు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత శుభ్రమైన గుడ్డ కప్పాలి, బొబ్బలు చిదమొద్దు. పిల్లల అరచేతి కంటే పెద్ద గాయమైనా, ముఖం, చేతులు, మర్మాంగాల మీదైనా ఆసుపత్రి.

తలకి దెబ్బ తగిలితే వెంటనే ఏడ్చాడా అన్నది మొదటి మాట. ఏడ్చి, కాసేపటికి ఆడుకుంటుంటే ఇంట్లోనే ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండొచ్చు. స్పృహ తప్పినా, మళ్ళీమళ్ళీ వాంతులైనా, లేపితే సరిగ్గా లేవకపోయినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలా కారినా స్కాన్ ఉన్నచోటికే. దర్శి వైపు ఊళ్ళలో ఉంటే సాయంత్రం పడ్డ పిల్లాడి విషయంలో చీకటి పడకముందే తేల్చుకోవడం మంచిది.

తేలు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పెద్దవాళ్ళకి తేలు కాటంటే చాలావరకు ఒక రాత్రి నొప్పి. పిల్లలకి అలా కాదు. ఎర్రతేలు విషం గుండె మీద పనిచేస్తుంది. కుట్టిన చోట నొప్పి కంటే ఒళ్ళంతా చెమటలు పట్టడం, వాంతులు, చేతులూ కాళ్ళూ మంచులా చల్లబడటం చూసి భయపడాలి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ప్రజోసిన్ అనే బీపీ మాత్రతో ఈ మరణాలు తగ్గించవచ్చని చూపించారు. ఆ పనికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మాత్ర చవక, దొరుకుతుంది కూడా, కాకపోతే బీపీ చూస్తూ ఆసుపత్రిలోనే వేయాలి. మా ఊళ్ళో తేలు మంత్రం వేసే తాత ఉన్నాడు, చాలా మంచివాడు. పెద్దవాళ్ళెవరైనా ఆయన దగ్గరికి వెళ్తే నేనేమీ అనను. పిల్లాణ్ణి కుడితే మాత్రం ఆయన గుమ్మం ముందు ఆగకుండా వెళ్ళాలి.

పాము కాటుకి గట్టిగా కట్టు కట్టడం, కోయడం, పామును వెతకడం మానేయాలి. విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒకటే. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా చూసుకుని బయలుదేరండి. కుక్క కరిస్తే ముందు సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి, కారం గానీ సున్నం గానీ పెట్టొద్దు. టీకా ఆ రోజే మొదలవ్వాలి. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, అది పెద్దాసుపత్రిలో అడగండి.

కిరసనాయిలు తాగితే కక్కించొద్దు. రిమోట్‌లోని బిళ్ళ బ్యాటరీ మింగాడని అనుమానమొచ్చినా సరే ఎదురుచూడకండి. కొన్ని గంటల్లోనే గొంతు లోపల కాల్చేస్తుంది. నాణెమైతే అంత పరుగు అక్కర్లేదు, కానీ ఎక్స్‌రే తీయించాలి.

ఆ సంక్రాంతి రాత్రి తర్వాత రెండు ఇళ్ళలోనూ వంటింటి తలుపు వెనక ఒక కాగితం అంటించాను. పిల్లలిద్దరి బరువులు, 250 సీసాలో ఎవరికి ఎన్ని మిల్లీలీటర్లు, కారున్న ఇద్దరి నంబర్లు, 108. మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు రేషన్ షాపు కాటా మీద చిన్నాణ్ణి నిలబెట్టి చూశాం. 10 కొట్టేసి 13 అని రాశాను, 3 మిల్లీలీటర్లు ఉన్నచోట మూడున్నర అని దిద్దాను. అత్తమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివి, అంకెలు ఇంకాస్త పెద్దగా రాయమంది.